తోకలో కత్తి ఉన్న చేప

బదిలీ మీద కొత్త ఊరు చేరగానే మీ ఇంట్లో మొదట ఏ పెట్టె విప్పుతారు? మా ఇంట్లో అయితే వంటింటి పెట్టె. పాలు పొంగాకే మిగతా సామాను. నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి మంచాలు ఊడదీయడం, పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దడం, పెట్టెల మీద నంబర్లు రాయడం మాకు చిన్నప్పుడే వచ్చేశాయి. కానీ కొచ్చిలో ఉన్నప్పుడు ఏ పెట్టెలోనూ సర్దలేని సామాను ఒకటి మా ఇంట్లోకి వచ్చింది. అది ఆరడుగుల గాజుతొట్టి. దాని నిండా సముద్రం.

మేమిద్దరం అన్నాచెల్లెళ్ళం. ఆ తొట్టిలో పౌడర్ బ్లూ టాంగ్ అనే చేపను పెంచాలనుకున్నాం. మొదటి చేపను పోగొట్టుకున్నాం. రెండో చేపను బతికించుకున్నాం. ఆ రెండింటి మధ్య నేర్చుకున్న విషయాలే ఈ వ్యాసం. చేపలు పెంచాలని ఆశపడే మిత్రులకు, ముఖ్యంగా మనలాగా మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారే మిత్రులకు, పనికొస్తుందని రాస్తున్నాం.

ఏమిటీ చేప?

మేము దీన్ని మొదట చూసింది లక్షద్వీప్‌లో. ఎల్టీసీ మీద కొచ్చి నుంచి ఓడలో కవరత్తి వెళ్ళాం. అక్కడ అడుగున గాజు అమర్చిన పడవలో ఎక్కించి పగడపు దిబ్బలు చూపించారు. పడవ కిందుగా ఒక నీలిరంగు గుంపు వెళ్ళింది. ఆకాశం రంగు ఒళ్ళు, నల్లటి ముఖం, గడ్డం కింద తెల్లటి పట్టీ, వీపు మీద నిమ్మపండు రంగు రెక్క. గుంపంతా ఒక రాతి మీద వాలి నాచు గీక్కుని తిని, క్షణంలో ఇంకో రాతి మీదికి వెళ్ళిపోయింది. మేకల మంద మేసినట్టే ఉంది.

దీని శాస్త్రీయ నామం అకాంథూరస్ ల్యూకోస్టెర్నాన్. 1833లో బెన్నెట్ అనే ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. గ్రీకు భాషలో అకాంథా అంటే ముల్లు, ఊరా అంటే తోక. ల్యూకోస్ అంటే తెలుపు, స్టెర్నాన్ అంటే రొమ్ము. అంటే తోకలో ముల్లూ, తెల్లని రొమ్మూ ఉన్న చేప అన్నమాట. ఆ ముల్లు మామూలు ముల్లు కాదు. తోక మొదట్లో రెండు పక్కలా ఒక్కొక్కటి చొప్పున, ఆపరేషన్ చేసే డాక్టర్ చేతిలోని కత్తిలాంటి పదునైన ముల్లు ఉంటుంది. మామూలుగా అది గాడిలో మడిచి ఉంటుంది. భయపడినా, కోపం వచ్చినా బయటికి లేస్తుంది. అందుకే ఈ కుటుంబం చేపలన్నిటినీ సర్జన్ చేపలు అంటారు. తొట్టిలో చెయ్యి పెట్టేవాళ్ళు ఈ సంగతి మరిచిపోకూడదు. వలలో పట్టినా ఆ ముల్లు వల దారాల్లో చిక్కుకుంటుంది. అందుకని దీన్ని ప్లాస్టిక్ డబ్బాతో పట్టడమే మంచిది.

ఇది మన సముద్రపు చేప. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి మాల్దీవులు, లక్షద్వీప్, శ్రీలంక, అండమాన్ సముద్రం దాకా హిందూ మహాసముద్రంలోని పగడపు దిబ్బల మీద బతుకుతుంది. ఎక్కువగా 25 మీటర్ల లోపు లోతులో, అలలు బలంగా తగిలే చోట ఉంటుంది. అక్కడ నీళ్ళు ఎప్పుడూ కదులుతుంటాయి, ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది, రాళ్ళ నిండా నాచు ఉంటుంది. దీన్ని ఇంట్లో పెంచడం కష్టమని ఎందుకంటారో ఈ మూడు మాటల్లోనే ఉంది. కదిలే నీరు, నిండుగా ఆక్సిజన్, రోజంతా మేత. మూడింటిలో ఏది తగ్గినా చేప నీరసిస్తుంది. నీరసించిన చేపను రోగం వెంటనే పట్టుకుంటుంది.

తొట్టిలో సముద్రం ఎలా తయారవుతుంది?

ఈ చేప అరచేయంత సైజులో దుకాణానికి వస్తుంది. పెద్దదైతే 20 సెంటీమీటర్లు దాటుతుంది. ఆగకుండా ఈదే చేప కాబట్టి చిన్న తొట్టి పనికిరాదు. ఆరడుగుల పొడవైనా ఉండాలని అనుభవమున్నవాళ్ళు చెబుతారు. నాన్న సహోద్యోగి ఒకరు బదిలీ మీద వెళ్తూ తన తొట్టి అమ్మేస్తుంటే మేము కొన్నాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఘనపరిమాణం 24 ఘనపుటడుగులు, అంటే దాదాపు 680 లీటర్లు. రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా 600 లీటర్ల నీళ్ళు పట్టాయి. సముద్రపు నీరు లీటరు 1.025 కిలోలు తూగుతుంది. లెక్క వేయండి: ఒక్క నీళ్ళే 615 కిలోలు! మాది కింది అంతస్తు క్వార్టర్ కాబట్టి సరిపోయింది. పై అంతస్తులో ఉండేవాళ్ళు ఇంజనీరును అడగకుండా ఇంత బరువు పెట్టకూడదు.

"కొచ్చిలో ఉంటూ సముద్రపు నీళ్ళు కొనడమేమిటి, బకెట్లతో తెచ్చుకోవచ్చు కదా" అని మా స్నేహితులు నవ్వారు. కానీ తీరం దగ్గరి నీళ్ళు వేరు, పగడపు దిబ్బ దగ్గరి నీళ్ళు వేరు. వానాకాలంలో నదులు, కాయళ్ళ నుంచి మంచినీళ్ళు వచ్చి కలిసి కొచ్చి తీరంలో ఉప్పదనం తగ్గిపోతుంది. పైగా బురద, ఊరి మురికి. అందుకని శుద్ధి చేసిన నీళ్ళలో ఆక్వేరియం కోసం తయారుచేసిన ఉప్పు కలపాలి. కుళాయి నీళ్ళు నేరుగా వాడకూడదు. అందులోని క్లోరిన్ చేపకు విషం. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఉంటే పనికిరాని నాచు పెరుగుతుంది. వంటింటి ఉప్పు కూడా పనికిరాదు. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా ఉంటాయి.

లీటరుకు 35 గ్రాముల లవణాలు, అంటే 600 లీటర్లకు 21 కిలోలు. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్. పీహెచ్ 8.1 నుంచి 8.4. ఈ అంకెలు గోడ మీద రాసి పెట్టుకున్నాం. ఎండాకాలంలో గది వేడి 30 డిగ్రీలు దాటుతుంది కాబట్టి నీళ్ళను చల్లబరిచే చిల్లర్ పెట్టక తప్పలేదు. నీళ్ళు కదలడానికి రెండు చివర్లా అలల పంపులు. నీళ్ళలోని జిడ్డు, చెత్త నురుగుగా పైకి తీసే స్కిమ్మర్ ఒకటి. కరెంటు పోతే పంపులు ఆగి ఆక్సిజన్ తగ్గుతుంది కనుక బ్యాటరీతో నడిచే గాలిపంపు కూడా ఉండాలి.

ఇవన్నీ కొనగలిగే వస్తువులు. కొనలేనిది ఒకటుంది, కాలం. చేప విసర్జించే అమ్మోనియా చేపకే విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారానికోసారి పదో వంతు నీళ్ళు మారిస్తే అదుపులో ఉంటుంది. సైన్సు పుస్తకంలో మనం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునే నత్రజని వలయం ఇదే. ఈ బాక్టీరియా రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రాళ్ళ మీద సర్జన్ చేప మేయగలిగినంత నాచు పట్టడానికి నెలలు పడుతుంది.

రాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రక్షిత జీవులు. సముద్రంలోంచి వాటిని విరిచి తేవడం, అమ్మడం నేరం. మనం పులిని ఎలా ఇంటికి తెచ్చుకోలేమో ఇదీ అంతే. అందుకని మేము మనుషులు తయారుచేసిన పింగాణీ రాళ్ళే వాడాం. వాటి మీద మెత్తని జాతి పగడాలు రెండు, కొన్ని నత్తలు, రెండు రొయ్యలు, రెండు క్లౌన్ చేపలు. ఇదీ మా చిన్న దిబ్బ.

మొదటి చేప

తొట్టి పెట్టిన రెండో నెలలోనే పౌడర్ బ్లూ టాంగ్ తెచ్చాం. దుకాణంలో అది కనబడింది. ఇంకెవరైనా కొనుక్కుంటారేమోనని మాకు తొందర. సంచీని అరగంట తొట్టిలో తేలనిచ్చి, చేపను వదిలేశాం. ఆ రాత్రి అది ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతుంటే ఎనిమిదిన్నర దాకా అన్నం తినకుండా చూస్తూ కూర్చున్నాం.

అయిదో రోజు దాని రెక్కల మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. ఉప్పు కణికలు చల్లినట్టు ఉన్నాయి. చేప రాళ్ళకు ఒళ్ళు రాసుకుంటోంది. ఎనిమిదో రోజుకు చుక్కలన్నీ మాయమయ్యాయి. నయమైపోయిందని సంతోషించాం. ఆ సాయంత్రం అమ్మ పాయసం కూడా చేసింది. పదమూడో రోజు పొద్దున లేచి చూసేసరికి ఒళ్ళంతా చుక్కలే. దవడలు ఆడిస్తూ పంపు దగ్గరే నిలబడిపోయింది. పదహారో రోజు చనిపోయింది.

చుక్కలు పోయిన రోజు మేము సంతోషించడమే మా అజ్ఞానం. ఆ జబ్బు పేరు తెల్లచుక్కల జబ్బు. దాన్ని తెచ్చేది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. మన పాఠంలోని పారామీషియంలా దీనికీ ఒంటినిండా శైలికలుంటాయి. దాని జీవితచక్రం నాలుగు దశల్లో నడుస్తుంది.

మొదటి దశలో అది చేప చర్మం కింద, మొప్పల్లో దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. మనకు కనిపించే తెల్లచుక్క అదే. రెండో దశలో కడుపు నిండి చేపను వదిలి కిందికి దిగుతుంది. చుక్కలు మాయమయ్యేది అప్పుడే. మూడో దశలో రాతి మీదో, ఇసుకలోనో గట్టి పెంకు కట్టుకుని లోపల విభజన చెందుతుంది. ఒక్కటి వందలవుతుంది. నాలుగో దశలో పెంకు పగిలి పిల్లలు బయటికొచ్చి ఈదుతూ చేప కోసం వెతుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. సముద్రంలో అయితే వాటిలో చాలావాటికి చేప దొరకదు. తొట్టిలో దొరకకపోవడం ఎక్కడుంది? చేప ఎక్కడికి పోతుంది?

అంటే చుక్కలు పోవడం జబ్బు పోవడం కాదు. జబ్బు పిల్లలు పెట్టడానికి వెళ్ళడం.

ఎర్నాకులంలో ఎన్నో ఏళ్ళుగా సముద్రపు చేపలు పెంచుతున్న ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడి గురించి నాన్నకు ఆఫీసులో ఎవరో చెప్పారు. కేరళలో మాస్టారిని "మాష్" అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆయన మమ్మల్ని చేప గురించి ఏమీ అడగలేదు. "తొట్టి వయసెంత?" అన్నారు. రెండు నెలలన్నాం. "చేపను విడిగా ఎన్ని రోజులుంచారు?" అన్నారు. మేము తలలు వంచుకున్నాం. దుకాణంలో ఉన్నప్పుడే దానికి ఆ పరాన్నజీవి అంటుకుని ఉండవచ్చు. అది మా చేతిలో లేదు. దాన్ని తెచ్చి నేరుగా తొట్టిలో వదలడం మా చేతిలో ఉంది.

జబ్బుకు రాగి కలిసిన మందు ఉంది. కానీ దాన్ని దిబ్బ ఉన్న తొట్టిలో వేయకూడదు. వెన్నెముక లేని జీవులకు, అంటే పగడాలకు, నత్తలకు, రొయ్యలకు రాగి విషం. పైగా రాళ్ళు రాగిని పీల్చుకుని నెలల తరబడి వదులుతుంటాయి. కాబట్టి మందు వేయాలంటే చేపను వేరే తొట్టిలోకి మార్చాల్సిందే. మిగిలిన రెండు క్లౌన్ చేపలను మాష్ చెప్పినట్టు విడి తొట్టిలోకి మార్చి చికిత్స చేశాం. పెద్ద తొట్టిని 76 రోజులు చేపలు లేకుండా ఉంచాం. పెంకుల్లోంచి ఎప్పుడు బయటికొచ్చినా వాటికి చేప దొరకకుండా ఉండాలంటే అంతకాలం ఆగాలి. రెండున్నర నెలలు ఖాళీ తొట్టికి నీళ్ళు మార్చడం, అద్దాలు తుడవడం! చూడడానికి వచ్చినవాళ్ళు "చేపలేవి?" అని అడిగేవాళ్ళు. జవాబు చెప్పడానికి సిగ్గేసేది.

రెండో చేప

ఈసారి దుకాణంలో చేపను చూసిన రోజే తేలేదు. ఇంకో వారం అక్కడే ఉంచమన్నాం. రవాణా దెబ్బకు పోయే చేపలు ఎక్కువగా మొదటి రోజుల్లోనే పోతాయి. వారం తరవాత వెళ్ళి అయిదు విషయాలు చూశాం. మన ఎదుట మేత తింటోందా? కడుపు లోపలికి పీక్కుపోలేదు కదా? కళ్ళు తేటగా ఉన్నాయా? మొప్పలు మరీ వేగంగా ఆడుతున్నాయా? ఒంటి మీద చుక్కలు, గాయాలు ఉన్నాయా? ఇంకో మాట కూడా అడిగాం, వలతో పట్టినదేనా అని. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల సయనైడు చల్లి చేపలను మత్తెక్కించి పడతారు. దానివల్ల చేప లోపలి అవయవాలు పాడవుతాయి, చుట్టూ ఉన్న పగడాలు చస్తాయి.

విడి తొట్టిని నెల ముందే సిద్ధం చేశాం. ఇసుక, రాళ్ళు లేని 150 లీటర్ల తొట్టి. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు. స్పాంజి ఫిల్టరును ముందుగా పెద్ద తొట్టిలో ఉంచి బాక్టీరియా పట్టనిచ్చి, తరవాత దీనిలోకి మార్చాం.

సంచీ విషయంలో మాకు తెలియని సైన్సు ఒకటి మాష్ చెప్పారు. మూసిన సంచీలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కలిసి పీహెచ్ తగ్గుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియాలో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది. అది అంత హాని చేయదు. సంచీ విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియం మళ్ళీ అమ్మోనియాగా మారుతుంది. అప్పుడు చేపను ఆ నీళ్ళలోనే గంటలకొద్దీ ఉంచి చుక్కచుక్కగా కొత్త నీళ్ళు కలపడం మంచి చేయబోయి చెడు చేయడమే. కాబట్టి దుకాణంలో నీటి ఉప్పదనం ఎంతో ముందే కనుక్కుని, విడి తొట్టి నీళ్ళను అంతే ఉప్పదనంతో కలిపి ఉంచాం. మూసిన సంచీని పావుగంట తేలనిచ్చి వేడి సమానమయ్యాక, విప్పిన వెంటనే చేపను లోపలికి మార్చాం. సంచీ నీళ్ళు పారబోశాం. తరవాత కొన్ని రోజుల మీద ఉప్పదనం కొద్దికొద్దిగా పెంచాం. కొత్తచోటికి అలవాటు పడమని చేపను తొందరపెట్టకుండా, ముందు చోటునే చేపకు తగ్గట్టు చేయడం అన్నమాట.

మూడు రోజులు అది ఏమీ తినలేదు. పైపులో దాక్కుని ముఖం మాత్రం బయట పెట్టేది. సుషీకి చుట్టే నోరి అనే ఎండు సముద్రపు నాచు రేకులు తెచ్చి క్లిప్పుతో అద్దానికి తగిలించాం. దాని వంకైనా చూడలేదు. నాలుగో రోజు మా ఇద్దరిలో చిన్నదానికి కవరత్తిలో చూసిన గుంపు గుర్తొచ్చింది. అవి రాతి మీద కదా మేశాయి! ఒక గులకరాయికి నోరి రేకును రబ్బరు బ్యాండుతో కట్టి అడుగున పెట్టాం. పది నిమిషాల తరవాత చేప పైపులోంచి వచ్చి, ఒకసారి చుట్టూ తిరిగి, ఒక ముక్క కొరికింది. అది చూసి మేమిద్దరం అరిచిన అరుపుకు మళ్ళీ పైపులోకి పారిపోయింది.

తినడం మొదలుపెట్టాకే మందు. చికిత్సకు రాగి అయాన్లు లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. తగ్గితే పరాన్నజీవి చావదు, మించితే చేపకు ప్రమాదం. రాగి మందుల్లో రకాలున్నాయి, ఒకదాని మోతాదు ఇంకోదానికి పనికిరాదు. ఇది పిల్లలు చేసే పని కాదు. మాష్ చెప్పిన ప్రకారం అమ్మే రోజూ కొలిచి వేసేది. మేము అమ్మోనియా పరీక్ష చేసి నోటుబుక్కులో రాసేవాళ్ళం. నెల రోజులు మందు, ఆ తరవాత రెండు వారాలు మందు లేకుండా గమనించడం. మొత్తం ఆరు వారాలు.

పెద్ద తొట్టిలోకి మార్చేటప్పుడూ నేరుగా వదల్లేదు. ఈ చేపకు తన చోటు అనే పట్టింపు ఎక్కువ. తన జాతి చేపనే కాదు, తన ఆకారంలో ఉన్న ఇంకే సర్జన్ చేపనూ దగ్గరికి రానివ్వదు. ఒక తొట్టికి ఒకటే ఉండాలి, అదీ అన్నిటికంటే చివర వచ్చి చేరాలి. చిల్లులున్న పారదర్శకమైన పెట్టెలో పెట్టి మూడు రోజులు తొట్టిలోనే వేలాడదీశాం. క్లౌన్ చేపలు వచ్చి చూసి వెళ్ళాయి. నాలుగో రోజు పెట్టె మూత తీశాం. అది నిదానంగా బయటికొచ్చి, ఏమీ జరగనట్టు మొదటి రాతి మీది నాచు గీకడం మొదలుపెట్టింది. అప్పటికి తొట్టికి తొమ్మిది నెలలు. రాళ్ళ మీద దానికి కావలసిన మేత ఉంది.

బదిలీ ఉత్తర్వు

ఆ తరవాత రెండేళ్ళకు పైగా అది మాతో ఉంది. రోజుకు మూడు పూటలా మేత. పొద్దున స్కూలు బస్సుకు ముందు నోరి రేకు తగిలించడం మా పని. బొటనవేలు అద్దానికి ఆనిస్తే ముఖం దగ్గరికి తెచ్చి చూసేది. మొదటి చేపకు పేరు పెట్టాం, దీనికి భయం కొద్దీ పెట్టలేదు.

మార్చి నెలాఖరులో నాన్నకు భోపాల్ బదిలీ ఉత్తర్వు వచ్చింది. మొదటి రాత్రి మేమంతా సామాను గురించి కాకుండా చేప గురించే మాట్లాడుకున్నాం. లారీలో తీసుకెళ్దామా? రోజుల తరబడి ప్రయాణం. అక్కడ క్వార్టర్ ఎప్పుడిస్తారో, ఏ అంతస్తో తెలియదు. కొత్తగా పెట్టిన తొట్టి కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అంతవరకు ఇదెక్కడ ఉంటుంది?

"సముద్రంలో వదిలేద్దాం, దాని ఇంటికి అది వెళ్తుంది" అంది మాలో చిన్నది. ఆ మాట మాకందరికీ నచ్చింది. మాష్ ఒప్పుకోలేదు. కొచ్చి తీరం బురదనీళ్ళ తీరం, అక్కడ దిబ్బ లేదు, మేత లేదు. దిబ్బ ఉన్నచోటికే తీసుకెళ్ళి వదిలినా, తొట్టిలో ఇన్నాళ్ళు ఉన్న చేప వేరే చేపల జబ్బులను అక్కడికి మోసుకెళ్ళవచ్చు. తమవి కాని నీళ్ళలో వదిలిన చేపల వల్ల ఇంకో రకం నష్టమూ ఉంది. మన సముద్రాల లయన్ చేప ఆక్వేరియంల నుంచే అట్లాంటిక్‌లో పడి ఉంటుందని, ఇప్పుడు అక్కడి దిబ్బల చిన్న చేపలను తినేస్తోందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. తొట్టిలోకి తెచ్చుకున్న చేపను తిరిగి ఇచ్చేయడానికి సముద్రం గ్రంథాలయం కాదన్నారు మాష్.

అప్పుడే ఆయన ఇంకో విషయం చెప్పారు. పగడపు దిబ్బల మీది సర్జన్ చేపల్లో కొన్ని జాతులు 30 ఏళ్ళకు పైగా బతుకుతాయట. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాన్న పోస్టింగు నాలుగేళ్ళు. మేము చేపకు ఎంత తొట్టి కావాలో లెక్క వేశాం, ఎంత ఉప్పు కావాలో లెక్క వేశాం. దాని ఆయుష్షు ఎంతో, మా ఉద్యోగం ఆ ఊళ్ళో ఎన్నాళ్ళో ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడలేదు.

చివరికి చేపను మాష్ తీసుకున్నారు. ఆయన తొట్టి మాదానికంటే పెద్దది, అందులో వేరే సర్జన్ చేప లేదు. తొట్టిని కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఒక కుటుంబం కొనుక్కుంది. చేపను డబ్బాతో పట్టి, మూత ఉన్న బకెట్లో కారులో తీసుకెళ్ళాం. దారి పొడవునా ఒకరం బకెట్టును, ఒకరం గాలిపంపును పట్టుకున్నాం. ఆయన ఇంట్లో మాకోసం విడి తొట్టి సిద్ధంగా ఉంది. "మా చేపకు ఏ జబ్బూ లేదు కదా, మాష్?" అన్నాం. "లేదు. అయినా ఆరు వారాలు" అన్నారు ఆయన. మాకు కొంచెం కష్టమనిపించింది. వెంటనే అర్థమైంది, ఆయన మాకు నేర్పిందే ఆయనా చేస్తున్నారు.

కొనే ముందు

సముద్రపు తొట్టి పెట్టకండి అని మేము చెప్పడం లేదు. ఆ తొట్టి దగ్గర మేము నేర్చుకున్న రసాయనశాస్త్రం ఏ పుస్తకం దగ్గరా నేర్చుకోలేదు. కానీ పౌడర్ బ్లూ టాంగ్‌తో మొదలుపెట్టకండి. క్లౌన్ చేపలను తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పెంచుతున్నారు, అవి గట్టివి, చిన్న తొట్టి చాలు. సర్జన్ చేపల పిల్లలను పెంచడం చాలా కష్టం. పసుపురంగు టాంగ్‌ను 2015లో హవాయిలో, డోరీ అని సినిమా పిల్లలకు తెలిసిన నీలి టాంగ్‌ను 2016లో ఫ్లోరిడాలో మొదటిసారి తొట్టెల్లో పెంచగలిగారు. దుకాణంలో కనిపించే పౌడర్ బ్లూ టాంగ్ మాత్రం ఏదో ఒక దిబ్బ మీంచి పట్టి తెచ్చినదే అనుకోవచ్చు. మన వల్ల అది చనిపోతే దిబ్బకు ఒక చేప తగ్గినట్టే.

అయినా కావాలనుకుంటే మూడు ప్రశ్నలు వేసుకోండి. నా తొట్టి పుట్టి ఆరు నెలలైనా అయిందా? విడి తొట్టి సిద్ధంగా ఉందా? మేము వెళ్ళిపోతే దీన్ని తీసుకునేవాళ్ళెవరు? మూడో ప్రశ్న దుకాణంలో ఎవరూ అడగరు, మన ఇంట్లో మనమే అడగాలి. జవాబుగా ఒక మనిషి పేరు చెప్పగలిగితేనే చేపను తెండి.

ఇప్పుడు మేము భోపాల్‌లో ఉన్నాం. ఇక్కడ మా క్వార్టర్ రెండో అంతస్తు. తొట్టి లేదు. చేపను అప్పగించిన నలభై మూడో రోజున మాష్ అమ్మ ఫోనుకు ఒక ఫొటో పంపారు. పెద్ద తొట్టిలో, ఒక గుండ్రటి రాతి మీద, తల వంచి మేస్తోంది. దాని కింద ఆయన ఒక్క మాటే రాశారు, తింటోంది అని.